ఉప్పుగెడ్డకు మూడు కొలతలు

ఉప్పు అమ్మే ఇంట్లో పుట్టి, నదిలో ఉప్పు తగ్గిందా లేదా అని చూసే పనిలో పడ్డాను. మా నాన్నకి ఇది ఇప్పటికీ నవ్వులాటే. మా తాత నౌపడ నుంచి చిన్న రైల్లో ఉప్పు బస్తాలు వేసుకొచ్చి గుణుపురంలో కొట్టు పెట్టాడట. ఆ కొట్లో ఇప్పుడు నాన్న సబ్బులూ, బిస్కట్లూ, ఫోన్ చార్జర్లూ అమ్ముతున్నాడు గానీ, గుమ్మం పక్కన కల్లుప్పు బస్తా మాత్రం ఉండి తీరాలి. కొండ ఊళ్ళవాళ్ళు సంతకి దిగితే ముందు దాని దగ్గరే ఆగుతారు. "సదివి సదివి సివరికి మన యాపారం మీదకే వచ్చేవేటే అమ్మీ" అని నేను ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ అంటాడు. నాకు నలభై ఏడేళ్ళు. అయినా ఆ ఊళ్ళో నేను అమ్మీనే.

నేనుండేది కొరాపుట్ జిల్లాలో, ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో. అక్కడి లాబ్‌లో నీళ్ళు పరీక్ష చేయడం నా ఉద్యోగం. బాయిలర్ నీళ్ళు, క్వార్టర్ల కుళాయి నీళ్ళు, ఆస్పత్రి ట్యాంకు నీళ్ళు. ఏళ్ళ తరబడి అవే సీసాలు, అవే రంగులు. ఒకరోజు మా మేనేజర్ పిలిచి, రాయగడ జిల్లాలో ఒక సమీక్ష బృందానికి నీళ్ళ కెమిస్టు కావాలట, నీకు ఆ వైపు భాషా తెలుసు, దారులూ తెలుసు, కొన్నాళ్ళు అరువు ఇస్తున్నాం వెళ్ళు, అన్నాడు. పుట్టింటి అన్నం తిని ఆఫీసు పని చేయొచ్చు కదా అని నేను ఎగిరి గంతేశాను.

పని ఇదీ. రామనగుడ దాటాక కొండల్లో ఒక గెడ్డ ఉంది. మోకాలి లోతు వాగు, అంతే. కానీ అది ఊట నుంచి పుట్టేటప్పుడే ఉప్పగా పుడుతుంది. అందుకే దాన్ని ఉప్పుగెడ్డ అంటారు. అది నదిలో కలిసిన చోటి నుంచి దిగువకి, వేసవి వస్తే నీళ్ళు ఉప్పెక్కేవి. నారుమళ్ళు మాడిపోయేవి, గట్ల మీద తెల్లగా పొర కట్టేది. రైతులు మొత్తుకోగా మొత్తుకోగా, గెడ్డకి అడ్డంగా గట్టు కట్టి, ఉప్పునీళ్ళని పైపుల్లో పక్కకి మళ్ళించి, కంచె వేసిన పెద్ద మడుల్లో ఎండబెట్టే ఏర్పాటు చేశారు. అది మొదటి దశ. పైన ఊట నోటినే సిమెంటుతో మూసెయ్యాలన్నది రెండో దశ. మొదటి దశ వల్ల చుట్టుపక్కల మేలెంత, కీడెంత చూసి, రెండో దశ కావాలో వద్దో చెప్పడానికి మమ్మల్ని వేశారు.

చెప్పడానికి పద్ధతి కూడా పై ఆఫీసువాళ్ళే ఇచ్చారు. ఊట కింద ఒక మడుగుంది. దాన్లో ఉప్పు చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి కొలవాలి. వేసవి కొలత ఒక హద్దు దాటితే ఊట మూయాలి, దాటకపోతే వదిలెయ్యాలి. చూశారా ఎంత తేలికో. బృందం పెద్ద భువనేశ్వర్ నుంచి వచ్చే ఒడియా ఆయన, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. మంచివాడే గానీ వట్టి కాగితం మనిషి. ఫారంలో ఒక్క గడి ఖాళీగా కనబడితే ఆయనకి అన్నం సహించదు. ఆయనతో నేను హిందీలో మాట్లాడేదాన్ని.

మొదటిసారి వెళ్ళింది పుష్యమాసం చలిలో. దిగువన అంతా బాగుంది, ఆ మాట ముందే చెప్పాలి. పొలాల్లో తెల్లపొర లేదు. నది ఒడ్డున వల వేస్తున్న ఒకతను, నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ చిన్న చేపలు పడుతున్నాయని తట్ట తెరిచి చూపించాడు. నాకు నిజంగా సంతోషం వేసింది. సర్కారు కట్టిన వాటిలో ఒకటైనా పనిచేసింది కదా అనుకున్నాను.

తర్వాత జీపు వదిలేసి మడుగు దగ్గరికి ఎక్కాం. పైన ముప్ఫై గడపల ఊరు. ఆ ఊరి మందని కాసే ఆమె మడుగు పక్క రాతి మీద కూర్చుని ఉంది. యాభై పైబడిన మనిషి, ఎండకి నల్లగా నిగ్గు తేలిన ముఖం, చేతిలో తన కంటే పొడుగైన కర్ర. ఇళ్ళవాళ్ళు తలా కాస్త ధాన్యం ఇస్తారు, ఆమె అందరి పశువుల్నీ తోలుకెళ్ళి తోలుకొస్తుంది. సంతకి దిగీ దిగీ ఆమెకి మా తెలుగు బాగానే వచ్చు. నన్ను చూడగానే, "నువ్వు ఉప్పు కొట్టు బాబు కూతురివి కాదేటి? ముక్కు ఆయనదే" అంది. మా వైపు అక్కని పిలిచినట్టు నేను ఆమెని అప్పా అన్నాను. ఆ తర్వాత ఆమె నాతోనే మాట్లాడింది, మా పెద్దాయన వైపు చూడనే లేదు.

"ఏటి, ఉప్పు కోసమొచ్చేరా అమ్మీ?" అని అడిగింది.

నేను అప్పటికి మీటరు తీగలు విప్పుతున్నాను. "అవునప్పా, ఉప్పెంతుందో సూద్దారని" అన్నాను. అంతే అన్నాను. ఆ అంతే అన్న మాటే తర్వాత నా పీకకి చుట్టుకుంది.

మీటరు అంటే పెద్ద యంత్రమేం కాదు. గరిటె అంత పుల్లని నీళ్ళలో ముంచితే, ఉప్పు ఎంతుంటే అంత అంకె చూపిస్తుంది. అంకె హద్దు కంటే కాస్త తక్కువే వచ్చింది. నేను రాసుకుంటుంటే ఆమె తన గోడు చెప్పుకుపోయింది. ఇదివరకు గెడ్డ పొడుగునా ఎక్కడబడితే అక్కడ పశువులు నాకేవట. ఉప్పు లేకపోతే వాటికి పిచ్చెత్తినట్టు ఉంటుంది, ఎముకలు నమిలేస్తాయి, ఆరేసిన బట్టలు నమిలేస్తాయి. గట్టు కట్టాక కింద గెడ్డ ఎండిపోయింది. ఉప్పు వాసన పట్టి రెండు పెయ్యలు కంచె దూరి మడుల్లో చిక్కబడ్డ నీళ్ళు తాగేశాయి. రెండూ చచ్చిపోయాయి. ఇప్పుడు మందకి మిగిలింది ఈ మడుగొక్కటే. "ఇదీ నేకపోతే అన్నీ ఆ మడుల్లోకే పోతాయమ్మీ. నానొక్కదాన్ని, ఎన్నిట్నని ఆపగల్ను" అంది. ఆ పెయ్యల సంగతి చెబుతూ కర్రతో మడుల వైపు చూపించింది.

ఆ మాట మా పెద్దాయనకి చెప్పాను. ఫారంలో జంతువులు అనే గడి ఉంది గానీ అది అడవి జంతువులకట. పెంపుడు పశువులైతే ఆస్తి నష్టం కింద వస్తాయి, అది మన ఫారం కాదు, ఇంకో శాఖది, అన్నాడాయన. నేను రెండు ముక్కలు గట్టిగా అన్నాను, ఆయన తల ఊపాడు, గడి మాత్రం అలాగే ఉంది. పైగా ఆ సాయంత్రం నేను ఇంకో గడి నింపాను. స్థానిక ప్రజలకు వివరించారా అని ఉంది. బ్లాకు ఆఫీసులో ఒక సమావేశం జరిగింది మరి. గోడ మీద బొమ్మలు వేసి ఒడియాలో గంటసేపు చెప్పారు. పై ఊరి నుంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చి వెనక వరసలో కూర్చుని, పొట్లం ఇస్తే తిని వెళ్ళిపోయారు. నేను అవును దగ్గర టిక్కు పెట్టాను.

రెండోసారి వేసవిలో, ఫలానా రోజు వస్తామని ముందే కబురంపి వెళ్ళాం. ఆ రోజు ఏదో తేడా కనబడింది గానీ నేను పట్టించుకోలేదు. మడుగు దాకా దారి ఊడ్చి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు పదిమంది దాకా చెట్ల నీడలో వరసగా నిలబడ్డారు. అప్ప నూనె రాసి తల దువ్వుకుని పెళ్ళివారి మనిషిలా ఎదురొచ్చింది. నేను పుల్ల ముంచాను. అంకె చూసి నా కళ్ళని నేనే నమ్మలేదు. హద్దుని దాటడం కాదు, ఎక్కడికో ఎగిరిపోయింది. పుల్ల కడిగాను, ఉప్పెంతో ముందే తెలిసిన నీళ్ళు సీసాలో తెచ్చుకున్నాను, వాటిలో ముంచి మీటరు సరిచూసుకున్నాను, మళ్ళీ కొలిచాను. అదే. మా పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని, ఇంక అనుమానమేముంది, మూయాల్సిందే, అని పుస్తకంలో రాసేసుకున్నాడు.

"ఉప్పు బాగుందా అమ్మీ?" అంది అప్ప ఆత్రంగా.

ఎండకి నా మాడు పగిలిపోతోంది. "బాగా ఉందప్పా, సాలా బాగా ఉంది" అన్నాను విసుగ్గా. ఆమె వెనక్కి తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఆడవాళ్ళందరూ ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుకున్నారు. మన పరికరాలు చూసి నవ్వుతున్నారు కాబోలనుకున్నాను.

మా పెద్దాయన రాయగడ వెళ్ళిపోయాడు, నేను గుణుపురంలో దిగిపోయాను. సాయంత్రం పెరట్లో కూర్చుని మర్నాటికి సీసాలు సర్దుకుంటుంటే, మడుగు గట్టు మీద పెట్టిన సీసాల సంచి అడుగున మెరుస్తూ ఒక గింజ కనబడింది. వేళ్ళతో తీసి చూశాను. ఉప్పుకల్లు. మూలలు కూడా అరగలేదు. లాబ్‌లో ఏదీ నాలిక మీద పెట్టకూడదని ట్రైనింగుకొచ్చే పిల్లలకి నేనే చెబుతుంటాను, అయినా పెట్టుకున్నాను. ఊటలో పుట్టే నీళ్ళలో ఉప్పు కరిగి ఉంటుంది గానీ కల్లు ఎక్కడి నుంచి వస్తుంది?

నాన్నని పిలిచి చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇది మన బస్తాలోదే. మొన్న సంతకి మీ కొండూరోళ్ళొచ్చి మూటలు మూటలు అట్టుకెళ్ళేరు. పెళ్ళేటి అని అడిగేను. ఒకళ్ళ ముకాలొకళ్ళు సూసుకుని నవ్వీసేరు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్నూ నా మీటర్నీ ఇంతమంది కలిసి వెర్రిదాన్ని చేస్తారా అని. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. మర్నాడు పొద్దున్నే నాన్న స్కూటరు తీసుకుని బయల్దేరాను. "బేగి ఎల్లి బేగి రా, ఆళ్ళ మీద అరవకు, మన బేరగాళ్ళు" అని ఆయన గుమ్మంలోంచి కేక వేశాడు. రామనగుడ దాటేదాకా తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాను. స్కూటరు కొండ కింద ఆపి ఎక్కేసరికి ఆయాసంతో సగం మర్చిపోయాను గానీ మిగిలినవి చాలు.

"అప్పా, మడుగులో ఉప్పేసేరా?" అన్నాను, కూర్చోకుండానే.

ఆమె దాచలేదు. పైగా మురిసిపోయింది. "ఏసేం. ఇంటికొక దోసెడు. నువ్వెక్కొస్తన్నావని పొద్దున్నే ఏసేం. సాలిందా?"

"సాలిందా ఏటి! ఓలమ్మో, కొంప ముంచీసేరు కదే! ఉప్పెక్కువుంటే ఊట మూసెత్తారు. సిమెంటేసి మూసెత్తారు. మీరే మూయించుకున్నారు!" అని గొంతు చించుకున్నాను. పెద్దామెని పట్టుకుని మర్యాద లేకుండా కదే అన్నాను. చుట్టూ ఆడవాళ్ళు పోగయ్యారు.

ఆమె ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. కర్రని రాతికి ఆనించింది. తర్వాత చెప్పింది. ఆ ఊళ్ళో ఒక బడి ఉండేది. ఒక ఆఫీసరు వచ్చి పిల్లల్ని లెక్కపెట్టాడు. ఆ రోజు సగం మంది ఇప్పపూలు ఏరడానికి అడివికి పోయారు. తక్కువున్నారని బడి మూసేశారు. తర్వాత బావి తవ్వించమంటే ఇంకొకడు వచ్చి ఇళ్ళు లెక్కపెట్టాడు. ఇళ్ళు తక్కువున్నాయని బావి రాలేదు. "లెక్కెట్టడానికి సర్కారోళ్ళొత్తే ఎక్కువ సూపించాలని మాకు అప్పుడు తెలిసింది. మీరు ఉప్పు లెక్కెట్టడానికొచ్చేరు. తక్కువుంటే ఇక్కడేటీ నేదని మూసెత్తారనుకున్నాం. అందుకే ఏసేం" అంది.

ఆమె అక్కడితో ఆగలేదు.

"తక్కువుంటేనే మంచిదా? ఆ మాట ముందే సెప్పొచ్చు కదమ్మీ. రెండుసార్లొచ్చేవు. నానడిగేను కదా."

అడిగింది. అడిగితే నేను తీగలు విప్పుకుంటూ ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. ఫారంలో మాత్రం వివరించామని టిక్కు పెట్టాను. తిట్టడానికి వెళ్ళిన దాన్ని, ఆ ఆడవాళ్ళ మధ్య సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటి ఉప్పు తీసుకెళ్ళి మడుగులో పోసుకున్నారు, ఏ ఇంట్లో ఎన్నాళ్ళు చప్పిడి అంబలి తాగారో. కన్నీళ్ళు వచ్చాయి, దాచుకోలేదు. ఆమె చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, ఊరుకో అమ్మీ, ఎరక్క సేసేం, అంది. తప్పు నాదైతే ఓదార్పు ఆమెదీ.

కొండ దిగి మా పెద్దాయనకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఆయన ముందు మండిపడ్డాడు, సర్కారు కొలతని పాడుచెయ్యడం నేరమన్నాడు, కేసు అన్నాడు. నేరమైతే మొదటి పేరు నాది రాయండి, వివరించామని దొంగ టిక్కు పెట్టింది నేనే, అన్నాను. చివరికి, రెండు రోజులాగి వస్తాను, నా ఎదురుగా మళ్ళీ కొలుద్దాం, అన్నాడు. నాన్న కొట్టుకొచ్చిన కొండూరి మనిషితో ఆ కబురు పైకి పంపాను.

మూడోసారి ఇద్దరం కలిసి ఎక్కుతుంటే దారంతా తడి. పైకి వెళ్ళి చూద్దును కదా, అదే ఆడవాళ్ళు, కుండలూ బిందెలూ సిల్వర్ తపేలాలతో, కింది మంచినీటి చెలమ నుంచి మడుగు దాకా బారు తీరి ఉన్నారు. అందరి చీరలూ తడిసి ముద్దయ్యాయి. మడుగు అంచుల దాకా నిండి పొర్లుతోంది. అప్ప ఆఖరి కుండ అందులో ఒంపుతూ నన్ను చూసి, "ఇప్పుడు సూడమ్మీ, సప్పగా అయిపోయింది" అంది గర్వంగా.

ఎక్కువుంటే మూసేస్తారని మొన్న కోపంలో అరిచింది నేనే కదా. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పక్కన మా పెద్దాయన ఏమయిందేమయిందని అడుగుతున్నాడు. చెప్పాక తప్పలేదు. ఆయన తిడతాడనుకున్నాను. ఆ ముసలాయన ఒక్కసారిగా పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి రాతి మీద కూలబడ్డాడు. ఆడవాళ్ళకి ముందు అర్థం కాలేదు, తర్వాత వాళ్ళూ నవ్వారు. నాకే నవ్వు రాలేదు.

ఈసారి నేను నిలబడి చెప్పాను. ఎందుకు కొలుస్తున్నామో, హద్దంటే ఏమిటో, దాటితే ఏమవుతుందో, దాటకపోతే ఏమవుతుందో. ఏదీ కలపకుండా ఊట తనంతట తను ఎలా ఉందో అలా చూస్తేనే మీకూ నాకూ మంచిదని చెప్పాను. నా తెలుగుని అప్ప వాళ్ళ భాషలోకి మార్చింది. మధ్యలో ఒకామె ఏదో అడిగింది, ఇంకొకామె కాదంది, చాలాసేపు వాదించుకున్నారు. ఆఖరికి, మోసుకొచ్చిన కుండలతోనే మడుగు తోడెయ్యడం మొదలుపెట్టారు. నేనూ చీర బిగించి దిగాను. పోసిన దాన్ని మళ్ళీ తోడడానికి మధ్యాహ్నమైంది. అడుగున బురద, గట్టు రాళ్ళ సందుల్లో ఒలికిన ఉప్పుకళ్ళు నాలుగైదు. మంచినీళ్ళు తెచ్చి రెండుసార్లు కడిగి, కడిగిన నీళ్ళు కూడా తోడి పారబోశాం. తర్వాత ఊట ఊరి మడుగు నిండేదాకా కూర్చున్నాం.

వేళకి మంద దిగింది. ఆవులూ ఎద్దులూ గేదెలూ, ఎవరూ తోలకుండానే వరసగా వచ్చి, మడుగు ఖాళీగా ఉండడం చూసి అంచునే నిలబడిపోయాయి. ఒక ముసలి ఆవు వంగి తడి రాయిని నాకడం మొదలుపెట్టింది. దాన్ని చూసి మిగతావీ నాకాయి. నాలికలు రాతి మీద గరగరమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మా పెద్దాయన అంతవరకూ పశువుల్ని కాగితం మీదే చూశాడేమో, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కలం తీసి, ఈ ఊళ్ళో మొత్తం ఎన్ని పశువులున్నాయో అడగమన్నాడు.

అడిగాను. అప్ప ఆయన చేతిలో కాగితం వైపూ కలం వైపూ చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి చెవిలో, "ఎక్కువ సెప్పాలా అమ్మీ, తక్కువ సెప్పాలా?" అంది.

ఆమె ఏమందని ఆయన అడిగాడు. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. ఆయన కలం మూత పెట్టేశాడు. ఆయన ముఖంలో నవ్వు పూర్తిగా పోయింది. "ఉన్నన్నీ చెప్పమను" అన్నాడు మెల్లగా. ఆమె వేళ్ళు మడుస్తూ ఇంటింటి పేరూ చెప్పి లెక్కపెట్టింది. చచ్చిపోయిన రెండు పెయ్యల్నీ కూడా చెప్పి, ఇవి ఇప్పుడు నేవు, రాయకండి, అంది. ఆయన వాటినీ రాశాడు, వేరే వరసలో.

నాలుగు గంటలకి మడుగు నిండింది. పుల్ల ముంచాను. అందరూ నా చుట్టూ మూగారు. అంకె హద్దుని దాటింది. ఎక్కువ కాదు, కాస్త. కానీ దాటింది. వేసవిలో ఊట చిక్కబడుతుంది కదా. ఇంత చేసీ ఇదా అనిపించింది. ఆ క్షణంలో ఒక అంకె మార్చి రాసెయ్యాలనిపించింది, అబద్ధమెందుకు. అప్ప నా ముఖమే చూస్తోంది.

"దాటింది అప్పా" అన్నాను. "ఉన్నది ఉన్నట్టే రాత్తాను."

ఆమె వంగి మడుగులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూసింది. "రాయి" అంది చివరికి. "మూడోసారి కూడా అబద్దమాడితే ఇంకెవులు నమ్ముతారు."

దిగుతున్నంతసేపూ నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ హద్దు ఎవరిది, దేని కోసం పెట్టారు? నదిలో నీళ్ళు మనుషులు తాగుతారు, నారు తాగుతుంది, వాటికి ఆ హద్దు సరే. మడుగు నీళ్ళు పశువులకి, వాటికి ఆ ఉప్పే కావాలి. కింద గట్టు ఉప్పుని నదిలోకి పోనివ్వకుండా ఆపుతూనే ఉంది కదా, మరి పైన ఊట మూసి ఎవరికి లాభం? జీపులో ఇదంతా గట్టిగా అనేశాను, అరిచాననే చెప్పాలి. మా పెద్దాయన అద్దంలోంచి బయటికి చూస్తూ, అరవకు, ఇవే మాటలు రాసివ్వు, అన్నాడు.

రాసిచ్చాను. కొలత దాటిందని రాశాను. ఆ కొలత ఇక్కడ అడగాల్సిన ప్రశ్నే కాదని రాశాను. పెయ్యల సంగతి, మడులకి కంచె చాలడం లేదన్న సంగతి రాశాను. వివరించామన్న గడిలో టిక్కు కొట్టేసి, వివరించలేదు, తప్పు నాది, అని సంతకం పెట్టాను. ఆ కాగితం వల్ల మా మేనేజర్ నుంచి నాకొక మెమో వచ్చింది, అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది. వానలు పట్టాక ఉత్తర్వు వచ్చింది. ఊట మూయరు. మడుల కంచె గట్టి చేస్తారు. ఏటా వేసవిలో మడుగు కొలుస్తూ ఉంటారు.

చెప్పడానికి నేనే వెళ్ళాను. అప్ప నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. నాకు ఎంత ఇబ్బందిగా ఉందో, అంత ఆనందంగానూ ఉంది. తర్వాత అడిగింది, "మళ్ళీ కొలత్తారా? అయితే నువ్వే రా అమ్మీ."

"నేను రాను అప్పా. నా పని అయిపోయింది. ఎవరో కొత్తోళ్ళొత్తారు" అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. "భయపడకు. ఎవులొచ్చినా ముందు ఒక్కటే అడుగు, దేనికి కొలత్తన్నారూ అని. నీకు తెలిసీలాగ సెప్పీదాకా సీసా ముంచనివ్వకు" అన్నాను. ఆమె దాన్ని రెండుసార్లు పైకి అని చూసుకుంది.

మరుసటేడు వేసవిలో లాబ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. కొత్త ఆఫీసరట, కుర్రాడు, తెలుగువాడే. గొంతులో అలసట తెలుస్తోంది.

"మేడమ్, ఉప్పుగెడ్డ వాళ్ళకి నేర్పింది మీరేనా? పొద్దున్న తొమ్మిదింటి నుంచి మడుగు చుట్టూ కూర్చున్నారండీ. ఒక పెద్దావిడ కర్ర అడ్డం పెట్టింది. దేనికి కొలుస్తున్నావో చెప్పు అంటుంది. చెబితే, అలాగెందుకూ అంటుంది. అదీ చెబితే, మళ్ళీ ఎందుకూ అంటుంది. మూడు గంటలుగా ఇదే వరసండీ."

"మరి అర్థమైందా వాళ్ళకి?" అని అడిగాను.

వెనక ఎక్కడో పశువుల గంటలు వినబడుతున్నాయి.

"వాళ్ళ సంగతి వదిలెయ్యండి మేడమ్" అన్నాడు. "ఆ హద్దు ఇక్కడెందుకు పెట్టారో చెబుదామని చూస్తే, నాకే తెలీదు. మీకేమైనా తెలుసా?"